ఎదుటి మగ్గం మీద తెగిన పోగు

ఆరోజు గుడియాత్తంలోని ఆ కొట్టంలో ఉన్నవి: ఎదురెదురుగా రెండు గుంట మగ్గాలు, రెండింటి మీదా ఒకే కొలత లుంగీ పడుగు, ఒక గడియారం, ఒక కొలత టేపు. ఉన్నవాళ్లు: వేలూరు నుంచి వచ్చిన పరీక్షాధికారి, మునిసామి మామ, నేను. తొమ్మిదేళ్లుగా ఈ జాబితాను మనసులో మోస్తున్నాను. ప్రతిసారీ ఒకదాన్ని దాటేస్తాను. మీతో చెబుతున్నాను: తెగిన పోగు ఒకటి.

మా ఇద్దరికీ ఆరోజు నేత పోటీ. గెలిచినవాడికి వేలూరు నేతబడిలో మాస్టరు పని. నేను మద్రాసులో నేత చదువు ముగించి వచ్చాను. మామ పుట్టినప్పటి నుంచి మగ్గం మీదే ఉన్నాడు. మోకాళ్లు పోయాయి, ఇక ఎక్కువ కాలం మగ్గం తొక్కలేడు. ఆ పని నేను కోరుకున్నాను. ఆయనకు అది అవసరం.

నేసేవాడి ముందు బట్ట ఉంటుంది. అవతల పడుగులో తెగిన పోగు ఎదుటివాడికే ముందు కనిపిస్తుంది. అందుకే మావాళ్లు మగ్గాలు ఎదురెదురుగా వేస్తారు. చూసినవాడు చెప్పాలి, పోటీలోనైనా సరే.

మొదటి గంటలోనే మామ పేక విసిరే నాడె ఆపాడు.

"నాయనా, నీ ఎడమపక్క పోగు తెగిండాది. ముడెయ్యడం ఇస్కూల్లో నేర్పినారా, లేక నేను రావాల్నా?"

నవ్వి ముడివేసుకున్నాను.

మధ్యాహ్నం ఆయన పోగు తెగింది. తెల్ల పడుగులో తెల్ల పోగు. ఆయన చూపు మందగించిందని నాకు తెలుసు. చెబుదామని నోరు తెరిచానా? తెరిచాననే చాలాకాలం నమ్మాను. గడియారం గుర్తుకొచ్చింది, అధికారి గుర్తుకొచ్చాడు, ఒక్క విసురు తరువాత చెబుదాం, ఇంకొక్క విసురు తరువాత చెబుదాం అనుకుంటూ నాడె విసురుతూనే పోయాను. చెప్పలేదు.

ఇద్దరం ఒకే సమయానికి ముగించాం. అధికారి మామ బట్టను వెలుతురుకు పట్టాడు. సన్నని ఖాళీ గీత, చివరిదాకా.

మామ దాన్ని వేలితో తడిమి నా వైపు తిరిగాడు. "నీ కంటికీ పడలేదా, అప్పా?"

"లేదు మామా."

"నీకే పడలేదంటే ఇంకెవురికీ పడుండదులే."

మాస్టరు పని నాకొచ్చింది. ఆయన ఇప్పటికీ మగ్గం తొక్కుతూనే ఉన్నాడు. నా కన్ను పదునైనదని ఊళ్లో చెబుతాడట. ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేదు. మీకు చెబితే అది తీరిపోదు, కాస్త తేలిక మాత్రం.

నా పనితనం ఆరోజు బాగానే ఉంది. నోరు విప్పి ఉంటే గెలిచేవాణ్ణా? నా చేతి గురించి నాకు తెలియాల్సిన ఆ ఒక్క సంగతీ ఇక ఎప్పటికీ తెలియదు.

అధికారి టేపు ప్రకారం గీత పొడవు నలభై మూడు అంగుళాలు. మొదటి అంగుళంలో నేను నిజంగానే చూడలేదు. మిగిలినవి నలభై రెండు.