మేడ మీది గదికి అందని సిగ్నల్

స్తోత్రార్హుడైన దేవునికి ముందుగా నా స్తోత్రం. చేతికి పనిని, ఆ పనికి తగిన తెలివిని, నా తప్పును నాకే చూపించే కనికరాన్ని ఇచ్చినవాడు ఆయనే. ఈ అనుభవంలో మంచి ఏదైనా కనబడితే అది ఆయనది. మిగిలినదంతా నాది.

అది రెండు వేల ఇరవై మూడు ఆగస్టు. టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఇళ్ళకు వైఫై అమర్చే పని చేస్తున్నాను. ఆదివారాలు మా తెలుగు సంఘంలో పిల్లలకు వాక్యం చెబుతాను. ఆ రోజు తప్ప వారమంతా పనే. ఒక గురువారం మధ్యాహ్నం ప్రభాకర్ గారనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఫోన్ చేశారు. మా సంఘంలో ఎవరో నా నంబరు ఇచ్చారట.

"వందనాలు బ్రదర్. గిగాబిట్ ప్లాన్‌కి అప్‌గ్రేడ్ చేశాను. కొత్త రూటర్ కూడా కొన్నాను. అయినా మేడ మీద వీడియో కాల్ నిలబడట్లేదు. వీలైతే ఈరోజే రాగలరా?"

నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇలాంటివే. ప్లాన్ అంటే వీధిలోంచి ఇంటి గోడ దాకా వచ్చే వేగం. గోడ దాటాక ఏ గదికి ఎంత అందుతుందన్నది రూటర్ పెట్టిన చోటును బట్టి ఉంటుంది. చోటు సరిగా లేకపోతే ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా దండగే.

వెళ్ళి చూశాను. మెట్ల కింద ఒక చిన్న క్లోజెట్. ఇంటర్నెట్ తీగ వచ్చి చేరేందుకు దాని గోడలో బిల్డర్ ఒక ఇనుప పెట్టె బిగించాడు. దాన్ని మీడియా ప్యానెల్ అంటారు. ప్రభాకర్ గారు రూటర్‌ను అందులోనే పెట్టి తలుపు మూసేశారు. దాని ముందు రెండు సోనా మసూరి బస్తాలు, ఇడ్లీ పాత్ర, పండగ వంటలకు వాడే స్టీలు గిన్నెల దొంతరలు. మన తెలుగు ఇళ్ళలో ఈ దృశ్యం నాకు కొత్త కాదు. వైఫై తరంగాలు చెక్కను దాటుతాయి, ఇనుమునూ స్టీలునూ దాటలేవు.

మేడ మీది గదిలో ప్రభాకర్ గారి భార్య సునీత గారు ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. క్యాన్సర్. వైద్యం ఆపేశారు. చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే హాస్పిస్ నర్సు ఇంటికే వచ్చి నొప్పి తెలియకుండా చూస్తోంది. రెండు వారాలుగా ఆమె మెట్లు దిగలేదు.

"మీరేనా వైఫై డాక్టరు?" అని నవ్వారావిడ. "నన్ను చూసిన డాక్టర్లందరూ తల అడ్డంగా ఊపి పోయారు. మీరైనా ఒక మంచి మాట చెప్పండి బ్రదర్."

"సునీతా, ఏంటా మాటలు?" అన్నారు ప్రభాకర్ గారు.

"నవ్వకూడదా ఏంటి? ఈయన కొన్న రూటర్ చూశారా బ్రదర్? ఎనిమిది యాంటెనాలు. సాలెపురుగుని తెచ్చి గిన్నెల వెనకాల దాచిపెట్టారు."

"ఆ గిన్నెలెవరివి మరి?" అన్నారాయన.

"గిన్నెలు నావే. దాచిన తెలివి మాత్రం మీదే."

ఇంట్లో ఎన్ని ఫోన్లు, ఎన్ని లాప్‌టాప్‌లు అని నా అలవాటు ప్రకారం అడగసాగాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"అవన్నీ వద్దు బ్రదర్. నాకు ఒక్క కాల్ చాలు. మా చెల్లి లీల, ఒంగోల్లో ఉంటుంది. నాలుగేళ్ళ కింద అమ్మ పోయినప్పుడు మా వీసా స్టాంపింగ్ లేదు. వెళ్తే తిరిగి రానిస్తారో లేదోనని భయపడి ఆగిపోయాను. 'అమ్మ కంటే నీకు వీసా ఎక్కువైంది' అని ఫోన్ పెట్టేసింది. మళ్ళీ మాట్లాడలేదు. ఇప్పుడు నా సంగతి తెలిసి, ఆదివారం చర్చి అయ్యాక చేస్తానంది. దాన్ని క్షమాపణ అడగాలి."

"మామూలు ఫోన్ చేసుకోవచ్చు కదమ్మా" అన్నాను.

"మొహం చూడకుండా ఆ మాట ఎలా అడుగుతాను?"

చేయాల్సిన పని నాకు స్పష్టంగా తెలుసు. కింద నుంచి ఇంటి పైకప్పు లోపలి అటక మీదుగా కేబుల్ లాగి, ఆ గది సీలింగ్‌కు యాక్సెస్ పాయింట్ బిగించాలి. అది రూటర్‌కు తీగతో కలిసి ఉండే రెండో వైఫై పెట్టె. రెండు గంటల పని. కానీ ఆగస్టు మధ్యాహ్నం ఎండకు కాగిన టెక్సాస్ అటకలోకి దూరితే మనిషి సొమ్మసిల్లుతాడు. మాలో ఎవరైనా ఆ పని పొద్దున్నే చేస్తారు. శుక్ర, శనివారాల ఉదయాలు వేరే ఇళ్ళకు మాట ఇచ్చి ఉన్నాను. వాళ్ళను అడిగి మార్చుకోవచ్చు. అడగలేదు.

బదులుగా రూటర్‌ను క్లోజెట్ బయట అలమర పైకి మార్చి, మెట్ల పైన ఒక ఎక్స్‌టెండర్ పెట్టాను. అది రూటర్ సిగ్నల్‌ను అందుకుని మళ్ళీ విసురుతుంది. బలంగా అందితే బలంగా, నీరసంగా అందితే నీరసంగా. పరీక్షిస్తే వీడియో ఆడింది. "సోమవారం వచ్చి కేబుల్ లాగుతాను. అప్పటిదాకా దీంతో సరిపోతుంది" అని చెప్పి వచ్చేశాను.

శనివారం సాయంత్రం ప్రభాకర్ గారి ఫోన్.

"బ్రదర్, డిస్టర్బ్ చేస్తున్నానా? మళ్ళీ ఫ్రీజ్ అవుతోంది. రేపు పొద్దున తొమ్మిదింటికి కాల్ ఉంది కదా..."

"రేపు ఆదివారం బ్రదర్. ఆదివారం నేను పనిముట్టు ముట్టుకోను. ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. సోమవారం ఎనిమిదింటికల్లా మీ గుమ్మంలో ఉంటాను."

"సరే బ్రదర్, పర్లేదులెండి. మీ ఆరాధన మీకుంటుంది కదా" అన్నారు.

మన 'పర్లేదు'కి అర్థం నాకు తెలియనిది కాదు. అయినా దాన్ని నాకు అనుకూలంగా తీసుకున్నాను. మా ఆరాధన పదింటికి. ఆరింటికి వెళ్ళి ఉంటే చల్లటి అటకలో పని ముగించుకుని, స్నానం చేసి, మొదటి పాటకల్లా చర్చిలో ఉండేవాణ్ణి. విశ్రాంతి దినాన గుంటలో పడ్డ గొర్రెను పైకి తీయవచ్చన్న యేసు మాటను పిల్లలకు బొమ్మ గీసి మరీ నేర్పినవాణ్ణి నేను.

సోమవారం తలుపు తీసిన ప్రభాకర్ గారి మొహం చూడగానే చేతిలోని పనిముట్ల పెట్టె గుమ్మంలోనే కింద పెట్టేశాను.

"తెల్లవారుజామున స్పృహ పోయింది బ్రదర్. నర్సు పైనే ఉంది."

"నిన్న కాల్?"

"లీల మొహం రెండుసార్లు కనబడి ఆగిపోయింది. మాట ముక్కలు ముక్కలైంది. అరగంట ప్రయత్నించి సునీత అలిసిపోయింది. 'రేపు బ్రదర్ వస్తారుగా, రేపు తీరిగ్గా మాట్లాడతాను' అంది."

"కేబుల్ లాగమంటారా?"

"లాగండి. లీల మళ్ళీ చేస్తానంది."

అటకలో మోకాళ్ళ మీద పాకుతూ ఆ రోజు చేసినంత ప్రార్థన నేను ఏ ఉపవాస కూడికలోనూ చేయలేదు. పది గంటలకు యాక్సెస్ పాయింట్ వెలిగింది. మంచం పక్కన టాబ్లెట్ పెడితే ఒంగోలు నుంచి ఒక ముఖం మచ్చ లేకుండా కనబడింది. కంటి కింద తడి కూడా.

"అన్నయ్యా, అక్కకి వినబడుతుందా?" అని నన్నే అడిగింది లీల.

నర్సు వైపు చూశాను. వినికిడి చివరిదాకా ఉండొచ్చు, మాట్లాడమనండి అందామె.

"వినబడొచ్చంటున్నారమ్మా. మాట్లాడండి."

"అక్కా, ఆ రోజు నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నానే. విన్నావా? ఒక్కసారి కళ్ళు తెరువు. నువ్వేం అడగక్కర్లేదు, ఊరికే చూడు చాలు."

సునీత గారి కళ్ళు తెరుచుకోలేదు. నేను గది బయటికి వచ్చేశాను. మర్నాడు సాయంత్రం ఆమె ప్రభువునందు నిద్రించారు.

సమాధి కార్యక్రమం రోజున ప్రభాకర్ గారి చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "మీ తప్పేముంది బ్రదర్? నేనే గట్టిగా అడగలేకపోయాను" అన్నారాయన. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆదివారం ఇప్పటికీ నాకు ప్రభువు దినమే. కానీ ఆ రోజు ఎవరైనా పిలిస్తే, కాదనే ముందు పని ఎవరి కోసమో, ఎప్పటికి కావాలో అడుగుతున్నాను. 'పర్లేదు' అన్నవాళ్ళను ఇంకోసారి అడుగుతున్నాను. వేగం, యాంటెనాలు, గోడలు అన్నీ ఆ తర్వాతే.

ఇక్కడిదాకా చదివిన మీరు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. తండ్రీ, అక్క విన్నదో లేదో తెలియక ఒంగోల్లో ఇంకా ఏడుస్తున్న ఆ చెల్లిని ఓదార్చండి. భార్య చివరి కోరిక కోసం కూడా గట్టిగా అడగలేకపోయిన ఆ భర్త మనసుకు నెమ్మది ఇవ్వండి. మీ పేరు చెప్పుకుని ఒకరి అవసరాన్ని తోసేసిన నన్ను క్షమించండి. ఆమేన్.