కరెంటు కంపెనీ జరిమానా

రాజాం నుంచి బొబ్బిలి వెళ్లే బస్సులో నా పక్కన ఒక నడివయసు ఆవిడ కూర్చుంది. నా ఫోను మాటల్ని బట్టి నేను లాయర్నని గ్రహించినట్టుంది.

"బాబూ, కరెంటు తీగ తెగిపడి మా ఇంటాయన పొలంలోనే పోనాడు. కమిషనోళ్లు కంపెనీకి జరిమానా ఏసారంట. అంటే ఆయన సావు కంపెనీ వల్లేనని తేలినట్టేనా?"

విద్యుత్ నియంత్రణ కమిషన్ నేరాన్ని విచారించే కోర్టు కాదని చెప్పాను. ఆ జరిమానా నిబంధన పాటించనందుకేననీ, చావుకు బాధ్యులెవరో అది తేల్చదనీ, తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ కట్టేయవచ్చనీ చెప్పాను.

ఆమె నా వైపు తిరిగింది.

"మా ఊళ్లో పెద్దలు జరిమానా ఏస్తే, సేసినోడు ముందు పదిమందిలో నిలబడాల. సేతులు జోడించి, నేనే సేసానని సెప్పాల. డబ్బులు ఆ తర్వాతే ముట్టుకుంటారు. మరక్కడ ఎవులు నిలబడ్డారు?"

"కంపెనీ లాయరు నిలబడతాడమ్మా."

"ఆయనైనా సెప్పాడా?"

"చెప్పడు."

ఆమె తన ఊరు రాగానే "ఎల్లొస్తాను బాబూ" అని దిగిపోయింది.

ఇప్పటికీ కమిషన్ ముందు కంపెనీ తరఫున లేచి నిలబడినప్పుడల్లా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు ఒక్క క్షణం తోచదు.