ఈరమ్మ అడిగిన ఫ్రీ మిషన్

2024 జులై. ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. పథకాల దరఖాస్తులు నింపడంలో పదిహేనేళ్లుగా చెయ్యి తిరిగినవాణ్ణి. మనిషి గడప దాటేలోపే ఏ ఫారం కావాలో చెప్పేస్తానని కాస్త గర్వం కూడా ఉండేది. ఈరమ్మ దగ్గర అది దిగిపోయింది.

ఆమెది సి.బెళగల్ వైపు పల్లె, కూలి పని. సోమవారం పొద్దున్నే వచ్చింది.

"అన్నా, ఫ్రీ మిషన్‌కు అప్లికేషన్ పెట్టల్ల. మెటీరియల్ గూడా ఇస్తారంట. మా పాప పేరుతో వెయ్యి."

మిషన్ అంటే మా ఊళ్లో కుట్టు మిషనే. మెటీరియల్ అంటే గుడ్డ. ఇంకా అడిగేదేముంది? కుట్టు పని వచ్చినవాళ్ల పేరుతోనే వెయ్యాలన్నాను.

"ఎనిమిదో తరగతి పాపకు కుట్టేది యాడొస్తాదన్నా?" అంది నేను చెప్పింది విని.

"నీకొచ్చా?"

"జాకెట్లు కుడ్తాను."

"అయితే నీ పేరుతోనే వేద్దాం. ఇన్‌కమ్ సర్టిఫికెట్, రేషన్ కార్డు తీసుకురా."

ఆమె అయోమయంగా చూసి వెళ్లిపోయింది. మూడు రోజులు కూలి మానుకుని తిరిగి, గురువారం కాగితాలతో వచ్చింది. ఫారం తెరిచాను.

"ఇది సందమామ మీదికి పోయే మిషనే గదన్నా?"

ఏదో కంపెనీ పేరనుకున్నాను. "ఏదైతేనేం అక్కా, కుట్టేది ఒకటే" అన్నాను. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు. అప్పుడామె కొంగుముడి విప్పి, రాత్రి కూతురు రాసిచ్చిందని ఒక చీటీ ఇచ్చింది. "స్పేస్ మిషన్ మెటీరియల్, ఉచితం. పోస్టర్లు, పుస్తకాలు." కింద వెబ్‌సైట్ పేరు.

వచ్చే వారం బడి ఎగ్జిబిషన్‌లో ఆ పిల్ల రాకెట్ల గురించి మాట్లాడాలట. చేతిలో చూపించడానికి ఏమీ లేదు. చీటీలోని వెబ్‌సైట్ తెరిచాను. అక్కడి ఫారంలో అడిగింది పేరు, తరగతి, బడి చిరునామా, అంతే. సర్టిఫికెట్ల ఊసే లేదు. నింపి నొక్కాను. "స్టాక్ నిన్నటితో అయిపోయింది" అని వచ్చింది.

సిగ్గేసింది. సోమవారమే ఒక్క మాట అడిగుంటే వచ్చేవి. అదే సైట్లో పీడీఎఫ్‌లు, అంటే తెరిచి అచ్చు తీసుకోగలిగే ఫైళ్లు, ఉన్నాయి. నా బ్లాక్ అండ్ వైట్ ప్రింటర్‌లోనే నలభై పేజీలు తీసిచ్చాను.

"అన్నీ బూడిద రంగేనా?"

"అవునక్కా. తప్పు నాదే."

"పోనీలే, పాప రంగులేసుకుంటాది." తెచ్చిన సర్టిఫికెట్లు చూపించి, "మరి ఈ కాగితాలు యేం సేయల్ల? ఆ కుట్టే మిషన్‌కు పెట్టు, నా పేరుతోనే. తిరిగి తిరిగి నాకూ ఆశ పుట్టింది" అంది.

పెట్టాను. ఇంకా రాలేదు. లేని ఆశ పెట్టి మంచి చేశానో చెడు చేశానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఒకటి మాత్రం నేర్చుకున్నాను: బాగా తెలుసనుకున్న మాటనే ముందు అడగాలి. ఇప్పుడు ఎవరొచ్చి మిషన్ అన్నా, "కుట్టేదా, ఎగిరేదా?" అంటాను. జనం నవ్వుతారు. నవ్వనీ.