గంగమణి చేతులు

ఆ సాయంత్రం గంగమణి మరునాటి బీడీల కోసం తునికాకు తడిపి, గుడ్డలో చుట్టి పెట్టింది. తెల్లారి లేవలేదు. ఆ ఆకుమూటను ఏం చేయాలో ఆర్మూరు నుంచి వచ్చిన తమ్ముడు నాగేందర్‌కు తోచలేదు.

అతనికి అర్థం కానిది ఇంకొకటి ఉంది. నిజామాబాద్‌లో చిన్న హాళ్లలో ఆడే నాటక బృందంలో అక్క చాలాకాలం నటించింది. "ఈమె వేళ్లు ఊరికే కదులుతుంటాయి, చూసేవాళ్ల చూపు చెదురుతుంది" అని ఒక విమర్శకుడు రాశాడు. తర్వాతి నాటకం బోధన్‌లో. చెరుకు కొట్టే కూలితల్లి వేషంలో ఆమె చేతులు కట్టుకుని నిలబడి, మాట మధ్యలో ఆగిపోయింది. హాలు ఊపిరి బిగబట్టింది. ఆ మౌనాన్ని అదే విమర్శకుడు ఆకాశానికెత్తాడు. ఆమె మాత్రం మళ్లీ స్టేజీ ఎక్కలేదు.

"అక్కా, గట్ల ఆగుడు నటనేనా? మరిచిపోయినవా?" అని అప్పట్లో నాగేందర్ అడిగితే, "నువ్వు గూడ పేపర్ల రాస్తవా ఏంది?" అని నవ్వింది.

దినాలకు వచ్చిన తోటి నటి సౌందర్యనూ అదే అడిగాడు.

"అక్కకు సదువు రాదు గద అన్నా. నేను నాటకం సదువుతుంటే బీడీలు చుట్టుకుంట నేర్చుకునేది. వేళ్లు ఆడకపోతే ఆమెకు మాట యాదికి రాకపోయేది" అన్నదామె.