తుమ్మితే ఊడిపోయే పిండం

జంతుశాస్త్రం మాస్టారికి కాలేజీలో గొప్ప పేరు. పిండం తన పైపొర చీల్చుకుని బయటికొచ్చి, గర్భసంచి గోడకి అతుక్కుని, మెల్లగా లోపలికి దిగబడే పాఠం ఆయన చెబుతుంటే వెనక బెంచీ వాళ్లు కూడా కునుకు తీయరు. అదే పిండం తన ఇంటికొచ్చేసరికి మాత్రం ఆ చదువంతా చెప్పులతో పాటు గుమ్మం బయటే ఉండిపోయింది.

ఆయన భార్య సిటీ బస్సులో కండక్టరు. ఏళ్లు గడిచినా పిల్లలు కలక్కపోతే, ఆసుపత్రిలో ఇద్దరి కణాలూ కలిపి మూడు పిండాలు తయారు చేశారు. ఒకదాన్ని ఆమె గర్భంలో పెట్టి, మిగతావి గడ్డకట్టించి దాచారు. మామూలుగానే తిరగమని డాక్టరమ్మ చెప్పి పంపింది. ఇంటికి రాగానే మాస్టారు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి, భార్య కాళ్లు ఎత్తులో ఉండేలా పడుకోబెట్టారు. ఆయన అక్క కాపలాకి దిగింది. నవ్వకూడదంది, దగ్గకూడదంది, తుమ్ము వస్తుందని మిరియాల డబ్బా అటకెక్కించింది.

అయినా ఒకరోజు తుమ్మొచ్చింది. ఆ తర్వాత పిండం నిలవలేదని తేలింది.

"చెబితే విన్నావా? ఆ తుమ్ముకే ఊడిపోయింది," అంది ఆడపడుచు. గర్భాశయం స్వీకరించే స్థితిలో లేదంటూ మాస్టారు అదే నిందని కాస్త గౌరవంగా వేశారు. పరామర్శకొచ్చిన వాళ్లకి ఆ తుమ్మెలా వచ్చిందో ఆడపడుచు స్వయంగా తుమ్మి చూపించింది. భార్య గోడవైపు తిరిగి పడుకుని అన్నీ వింది.

దాచిన రెండింటినీ పరీక్ష చేయిస్తే, ఒకదానిలో ఒక క్రోమోజోము ఎక్కువుంది.

"మొదటిదాన్ని పరీక్షించలేదు కాబట్టి కచ్చితంగా చెప్పలేను," అంది డాక్టరమ్మ. "కానీ నిలవని వాటిలో చాలావాటికి ఈ లెక్కే తప్పుతుంది. అలాంటిది తలకిందులుగా వేలాడదీసినా నిలవదు."

ఆ ఎక్కువది ఎవరి వైపు నుంచి వచ్చిందని ఆడపడుచు ఆశగా అడిగింది. ఎక్కువగా అండం నుంచే వస్తుందని, ఒక్కోసారి తండ్రి నుంచి కూడా రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. అక్కా తమ్ముడూ ఇద్దరూ కిటికీ లోంచి బయటికి చూడసాగారు.

బాగున్నదాన్ని పెట్టించుకొచ్చిన రోజు మాస్టారు మళ్లీ ఇటుకలు మోసుకొచ్చారు.

"అవి పెరట్లో పడేయండి. ఎల్లుండి నాకు డ్యూటీ ఉంది," అంది భార్య. "అంతగా పడుకోవాలనుంటే మీరు పడుకోండి."

గతుకు వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి పొట్టమీదికి వెళ్లేది. భయం ఆమెకీ ఉంది. అయినా ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లని తిట్టడం మానలేదు. పిండం నిలిచింది, ఆడపిల్ల పుట్టింది.

పాప పుట్టాక ఆమె మళ్లీ డ్యూటీలో చేరింది. ఒకరోజు మాస్టారు అదే బస్సెక్కి, మంచం పట్టాల్సిన పనేమీ లేదని తాను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నానని పక్కసీటాయనకి వివరిస్తున్నారు. భార్య ఆయనకి టిక్కెట్టు చింపిచ్చి, ముందుకి జరగమంది.