పెద్దమ్మ అడిగిన జాగ

మా పెద్దమ్మ పోయిందని శనివారం పొద్దున ఆమె కొడుకు, మా అన్న, ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది, జల్దీ రా" అని, నాకు ఏడ్చే సందు కూడా ఇవ్వకుండా, "చేను దిక్కు పోకు, ఇంటికే రా. ఆడ గెస్టులున్నరు" అన్నాడు. ఆ రెండో మాట నన్ను ఇప్పటికీ కాలుస్తోంది.

హత్నూర దగ్గర మాది కందులు, జొన్నలు పండే నేల. అమ్మానాన్న లేని నేను పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి కుదిరాక, సెలవు రోజున పోవడానికి నాకున్న చోటు పెద్దమ్మ చేను ఒక్కటే. నా బట్టలకు పట్టిన ఫ్యాక్టరీ వాసన ఆమెకు గిట్టేది కాదు. బావి దగ్గర స్నానం చేయించి తన చీరే కట్టించేది. తిరిగి బస్సెక్కేటప్పుడు నా చున్నీ కొసకు ఇన్ని పచ్చి కందికాయలు మూటకట్టేది. వద్దంటే కసిరేది. "చేన్లకెళ్లి ఎవ్వలు ఉత్త చేతులతోని పోవద్దు బిడ్డా" అనేది. తల్లి లేని పిల్లనని నేను మరిచిపోయింది ఆ కసురు వల్లనే.

పెద్దనాయిన పోయినప్పుడు ఆయనను ఆ చేనులోనే వేపచెట్టు కింద పూడ్చిపెట్టారు. మా దిక్కు ఎవరి భూమిలో వాళ్లను పెట్టుకోవడం ఉన్నదే. పైన సిమెంటు గద్దె కట్టించారు. పొద్దున రాగానే పెద్దమ్మ దాన్ని కొంగుతో తుడిచి, పక్కన కూర్చుని కాయలు ఒలుస్తూ వాన సంగతి, బర్రె సంగతి ఆయనకు చెప్పేది.

"నన్ను గీడనే పెట్టుండ్రి. ఇంకేం అడుగ మిమ్ముల" అని అన్నతోనూ నాతోనూ ఎన్నిసార్లు అన్నదో.

తర్వాత అన్న ఆ చేనులో గుడారాలు వేశాడు. పరుపులు, ఏసీలు, లోపలే బాత్రూములు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు అది పల్లెటూరి అనుభవమట. ఆ అనుభవం కోసం కందిచేను దున్నేసి లాన్ పరిచారు. పెద్దమ్మ మాత్రం వచ్చినవాళ్లందరినీ చుట్టాలే అనుకుంది. ఏ ఊరు, ఎవరి పిల్లలు, తిన్నారా అని అడిగేది. పోయేటప్పుడు గట్టు మీద మిగిలిన చెట్ల కాయలు తెంపి ఆడపిల్లల చున్నీలకు కట్టేది. వాళ్లు ఫోటోలు తీసుకుని మురిసిపోయారు. ఇంకేం, అన్న దాన్ని కూడా ప్యాకేజీలో చేర్చాడు. కాయలు జోగిపేట మార్కెట్ నుంచి వస్తాయి, పెద్దమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడి పంచాలి. కొన్నాళ్లు నిలబడి మానేసింది.

"కొనుక్కొచ్చినయి చేతుల పెట్టి మా చేన్లయే అని చెప్పమంటవారా? నాతోని గాదు."

అప్పటినుంచి ఆమెను చేనుకు తీసుకుపోయేవాళ్లే లేరు. మోకాళ్లు పడిపోయాయి, నడవలేదు. బండి మీద దించమంటే, గెస్టులు పోయినంక చూద్దామనేవారు. వాళ్లు పోతే ఇంకొకరు వచ్చేవారు. కళ్ల ముందున్న చేనుకు మొహం వాచి పోయింది మా పెద్దమ్మ.

ఆమెను ఊరి వైకుంఠధామంలో దహనం చేశారు. గుడారాల నడుమకు శవాన్ని తెస్తే ఇక ఎవరొస్తారని అన్న అడిగాడు. పెద్దమనుషులు తలలూపారు. నేను ఒక్కదాన్నే కాదన్నాను. ఆడపిల్లవు, నీకెందుకన్నారు.

బూడిద ఎత్తిన రోజు పిడికెడు తీసి నా చున్నీ కొసకు ముడి వేసుకున్నాను. ఎవరినీ అడగలేదు. తిన్నగా చేనుకు పోయాను.

పెద్దనాయిన గద్దె చుట్టూ చెక్కలు కొట్టి, పైన మెత్తలు పరిచి, కూర్చునే అరుగు చేశారు. దాని మీద ఒక అమ్మాయి కాళ్లు ముడుచుకుని చాయ్ తాగుతోంది. ఆ పిల్ల తప్పేముంది? నన్ను చూసి నవ్వి, "కూర్చోండి ఆంటీ, ఇక్కడ చల్లగా ఉంది" అంది.

నేను గద్దె పక్కన కూలబడి, మట్టిని వేళ్లతో తవ్వి, ముడి విప్పాను.

"జెర జరుగు బిడ్డా, మా పెద్దమ్మకు జాగ గావాలె" అన్నాను.

ఎవరో ముసలామె వెనక వస్తోందనుకుని, ఆ పిల్ల గేటు వైపు చూస్తూ కొంచెం పక్కకు జరిగింది.