నాయిన దాచిన సంత్రాలు

మొదటి కానుపులో నాకు బిడ్డ దక్కలేదు. మేడ్చల్‌లో మా అత్తగారింట్లోనే, నెలలు నిండకముందే పోయింది. మళ్ళీ నెల తప్పిందని కబురు తెలియగానే మా నాయిన బండి కట్టుకొని వచ్చాడు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తల్లి వచ్చి కూతురిని కానుపుకు తీసుకుపోవడం ఎక్కడైనా ఉన్నదే. మూడో నెలలోనే, అదీ తల్లి లేని ఇంటికి, తండ్రి వచ్చి తీసుకుపోవడం మా వైపు ఎవరూ ఎరగరు.

మా అత్తకు అది నచ్చలేదు. "ఇంట్ల ఆడదిక్కు లేకపాయె. పిల్లను ఎవరు జూస్తరన్నా?" అని అడిగింది.

"నేను జూస్త," అన్నాడు నాయిన. నా మూట తీసి బండిలో పెట్టాడు.

దారి పొడవునా ఆయన ఏమీ మాట్లాడలేదు. అది నాకు కొత్త కాదు. మా అమ్మ నా చిన్నప్పుడే చనిపోయింది. అప్పటినుంచి పెళ్ళయ్యేదాకా ఆ ఇంట్లో మేమిద్దరమే. అన్నం అయిందా, ఎడ్లకు నీళ్ళు పెట్టినవా, తలుపు వేసినవా, ఇవే మా మాటలు. ప్రేమ లేదని కాదు. దాన్ని మాటల్లో పెట్టే అలవాటు మా ఇంట్లో అమ్మతోనే పోయింది.

మా ఊరు అలియాబాద్. శామీర్‌పేట దాటి కరీంనగర్ పోయే రోడ్డు మీద ఉంటుంది. నాయినకు ఒక బావి, దాని కింద కూరగాయల తోట. వంకాయలు, బెండకాయలు, ఆకుకూరలు పండించి వారం వారం బండి మీద లష్కర్‌కు తీసుకుపోయేవాడు. సికింద్రాబాద్‌ను మేమందరం లష్కర్ అనే అనేవాళ్ళం. అవి పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. బొల్లారం దగ్గర మిలిటరీ లారీలకు ఎడ్లు బెదిరేవని, అక్కడ దిగి వాటి పక్కన నడిచేవాడు.

ఇంటికి వచ్చానన్న మాటేగానీ నాకు ఏదీ లోపలికి పోయేది కాదు. జొన్న గటక చేసి పెట్టాడు, కక్కేశాను. పలుచగా గంజి కాచాడు, అదీ నిలవలేదు. మజ్జిగ వాసనకే కడుపులో తిప్పేది. వాకిట్లో గోడ పట్టుకొని నేను వాంతి చేసుకుంటుంటే ఆయన చెంబుతో నీళ్ళు పట్టుకొని కొంచెం దూరంలో నిలబడేవాడు. దగ్గరికి రావాలో వద్దో ఆయనకు తెలిసేది కాదు. నా చేతులు సన్నబడ్డాయి. గాజులు మోచేతి దాకా జారేవి. పోయినసారి కూడా ఇలాగే మొదలైందని మా ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఎవరమూ ఎత్తలేదు.

ఒకసారి లష్కర్ నుంచి వచ్చి, రుమాలు ముడి విప్పి ఒక సంత్ర, అదే కమలాపండు, నా చేతిలో పెట్టాడు. "కడుపుతోటున్నోళ్ళకు మంచిదన్నరు. తిని జూడు," అన్నాడు. నేను అంతకుముందు సంత్రను దూరం నుంచి చూడటమే గానీ తిన్నదాన్ని కాదు. తొక్క తీస్తుంటే దాని వాసనకే నోట్లో నీళ్ళు ఊరాయి. ఒక్కొక్క తొన నమిలి రసం మింగి పిప్పి ఉమ్మేశాను. నాయిన గుమ్మం దగ్గర కూర్చొని చూస్తూ ఉన్నాడు. ఎంతసేపటికీ కడుపు తిప్పలేదు. కాసేపటికి ఆకలి వేసింది. గంజి తాగుతానని నేనే అడిగాను. ఆయన గబగబా లేచి పొయ్యి దగ్గరికి పోవడంలో గడపకు కాలు తగిలి పడబోయాడు.

మరుసటి వారం ఒక గంపనిండా తెచ్చాడు. ఒక్కొక్కటి రెండు గుప్పిళ్ళంత, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఎంతో సంబరంగా తొక్క తీశాను. తొక్క ఒకచోట, పండు ఒకచోట ఉన్నట్టు వదులుగా ఊడి వచ్చింది. లోపల తొనలు ఎండిపోయి దూదిలా ఉన్నాయి. ఇంకోటి తీశాను. అదీ అంతే.

"గిదేంది నాయినా, లోపట అంత ఎండిపోయింది?"

"మీదికెల్లి మస్తుగుండె గద బిడ్డా," అన్నాడు ఆయన. ముఖం చిన్నబోయింది. వంకాయ చేతిలో పట్టుకుంటే చాలు, లోపల పుచ్చు ఉందో లేదో చెప్పగలిగే మనిషి. తోటలో ఏ కాయ ఎన్నాళ్ళకు ముదురుతుందో తెలిసిన మనిషి. నాగపూర్ వైపు నుంచి రైల్లో వచ్చే ఈ పండు మాత్రం ఆయనకు కొత్త.

ఆ గంపలోనే అడుగున ఒక చిన్న పండు ఉంది. తొక్క పలుచగా, పండుకు అంటుకొని ఉంది. అక్కడక్కడ మచ్చలు. తీస్తే గోళ్ళనిండా రసం. "గిది మంచిగున్నది," అన్నాను. ఆయన దాని తొక్క ముక్కను నా చేతిలోంచి తీసుకొని వేళ్ళతో నలిపి, వంచి, వాసన చూసి రుమాలులో ముడి వేసుకున్నాడు. తరువాత లష్కర్ పోయినప్పుడు ఆ ఎండిన తొక్కను పట్టుకొని రాశుల దగ్గర పోల్చి చూశాడట. అమ్మేవాళ్ళు నవ్వారని తనే చెప్పాడు. చెబుతూ తనూ నవ్వాడు. నాయిన నవ్వు చూసి చాలా కాలమైందని నాకు అప్పుడు తెలిసింది.

అలా ఇద్దరం కలిసి సంత్రను నేర్చుకున్నాం. తింటూ నేను చెప్పేదాన్ని, ఆయన వినేవాడు. చూపుకు పెద్దగా ఉన్నా చేతిలో తేలికగా ఉంటే ఎండు పండు. చిన్నదైనా చేతిని కిందికి లాగితే రసం ఉన్నట్టు. బొటనవేలితో నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోతే తొక్క ఉబ్బి, లోపల ఎండినట్టు. రంగు పూర్తిగా తిరగకపోయినా, తొడిమ దగ్గర కొంచెం పచ్చగా ఉన్నా తీయగా ఉండేవి కొన్ని. రంగు చూసి మోసపోవద్దని మేమిద్దరం నిర్ణయించుకున్నాం.

ఎంచడం వచ్చింది గానీ దాచడం రాలేదు. వారానికి ఒకసారి తెచ్చినవి వారమంతా నిలవాలి. మామిడికాయలు గడ్డిలో మాగబెట్టడం ఆయనకు తెలుసు. అదే పద్ధతిలో ధాన్యం గుమ్మి అడుగున వరిగడ్డి పరిచి, సంత్రాలు పేర్చి, మీద మళ్ళీ గడ్డి కప్పాడు. మూడు నాలుగు రోజులకు ఆ గదిలోంచి కల్లు పులిసిన వాసన వచ్చింది. గడ్డి తీస్తే లోపల వేడి. పండ్ల మీద తెల్లగా, పచ్చగా బూజు. ఆయన చెయ్యి పెట్టిన ప్రతి పండూ వేళ్ళ కింద చితికిపోయింది. అన్నీ ఎత్తి పెంటకుప్పలో పోసి వచ్చి, చేతులు కడుక్కొని చాలాసేపు అరుగు మీద కూర్చున్నాడు. ఆ వారం నేను మళ్ళీ గంజి కక్కుకున్నాను.

ఆ తరువాత చల్లదనం కోసం నీళ్ళ కుండల కింద తడి ఇసుకలో పెట్టాడు. మీద బాగానే ఉండి అడుగున మెత్తబడ్డాయి. అప్పుడు నేను అన్నాను, "నాయినా, ఉల్లిగడ్డలు తడక మీద ఆరబోస్తవ్ గద, గట్ల జేస్తే?"

ఆయన నా వైపు చూసి, "గది నాకెందుకు తోచలే?" అన్నాడు.

ఆ సాయంత్రమే వెదురు బద్దలతో తడక అల్లి, గాలి ఆడే ఉత్తరపు గదిలో దూలాలకు తాళ్ళతో కట్టాడు. దాని మీద ఎండిన వేపాకు పలుచగా పరిచి, ఒక పండుకు ఒకటి తగలకుండా పెట్టాడు. కడగలేదు, తుడవలేదు. తొడిమతో ఉన్నవి ఎక్కువ రోజులు ఉంటున్నాయని, తొడిమ ఊడినవి ఆ గుంట దగ్గరే చెడుతున్నాయని చూశాక, ఊడినవి ముందు తినమని వేరే పెట్టేవాడు. బండి కుదుపులకు దెబ్బ తగిలిన చోట రెండో రోజుకు మెత్తబడుతుందని గమనించి, గంపను ఒళ్ళో పెట్టుకొని బండి తోలడం మొదలుపెట్టాడు. పొద్దున లేవగానే ఎడ్ల దగ్గరికి పోయే మనిషి, ఇప్పుడు ముందు ఆ గదిలోకి పోయి వాసన చూసేవాడు. ఒక్కొక్కదాన్ని తిప్పి పెట్టేవాడు. మెత్తబడినది కనిపిస్తే దాన్నీ, దాని పక్కనున్నదాన్నీ తీసేవాడు.

నా భర్త మేడ్చల్ స్టేషన్‌లో ఖలాసీ. ఎవరిదో సైకిల్ అడుక్కొని ఒక రోజు నన్ను చూడటానికి వచ్చాడు. ఒక సంచిలో సంత్రాలు తెచ్చాడు. పెద్దవి, నిగనిగలాడేవి. నాయిన ఒకటి చేతిలోకి తీసుకొని మెల్లగా ఎత్తి చూసి, మళ్ళీ సంచిలో పెట్టి, ఎడ్లకు మేత వేయాలని బయటికి పోయాడు. నేను నా భర్త ముందర కూర్చొని రెండు పండ్ల దూది తొనలు తిన్నాను. "ఎట్లున్నయి?" అని అడిగాడు. "మంచిగున్నయి," అన్నాను. నిజంగానే ఆ రోజు నాకు మంచిగానే ఉన్నాయి.

చలికాలం పోతుండగా వాంతులు తగ్గాయి. ఒక మధ్యాహ్నం తడక కింద కూర్చొని నేను పండు వొలుచుకుంటుంటే, నాయిన పండ్లను తిప్పుతూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"నువ్వు కడుపుల ఉన్నప్పుడు మీ అమ్మ గోడ మట్టి గీకి తింటుండె."

అమ్మ గురించి ఆయన నోటి నుంచి మాట రావడం అదే మొదటిసారి.

"నేను తిట్టిన. గోడలు తవ్వుతున్నవేందే అని. గంతే. నీకేం తినబుద్ధైతాంది అని ఒక్కనాడన్న అడగలే. అడగాల్నని గూడ తెల్వకపాయె."

"అమ్మ ఏమన్నది?"

"ఏమంటది? నవ్వింది. నవ్వి గా మట్టిచెయ్యి చీరకు తుడుసుకున్నది." ఇంకో పండు తిప్పాడు. "జర పుల్లపుల్లగ తినాల్నని ఉండె కావచ్చు. ఎవరికెరుక."

ఆ తరువాత ఆయన అమ్మ గురించి తరచు చెప్పేవాడు. ఆమె ఎలా నడిచేది, తోటలో నీళ్ళు మళ్ళిస్తూ ఏం పాడేది, నేను పుట్టినప్పుడు ఎంత భయపడింది. అమ్మ ముఖం నాకు సరిగ్గా గుర్తులేదు. నాకు తెలిసిన అమ్మలో సగం ఆ గదిలో విన్నదే.

ఉగాది దాటింది. ఎండలు ముదిరాయి. లష్కర్‌లో సంత్రాలు తగ్గిపోయాయి. దొరికినవి మిలిటరీవాళ్ళకే పోతున్నాయన్నారు. నాయిన చివరిసారి పోయి, అంగడంతా తిరిగి, ఏరి ఏరి ఒక గంప తెచ్చాడు. "కానుపైనంక నీకు బలం గావాలె," అని, వాటిని ఎంతో జాగ్రత్తగా చూశాడు. కిటికీకి గోనెపట్టా కట్టి తడిపేవాడు. పండ్ల మీద మాత్రం ఒక్క చుక్క పడనిచ్చేవాడు కాదు.

నాకు ఒక తెల్లవారుజామున నొప్పులు మొదలై, పొద్దెక్కేసరికి ఆడపిల్ల పుట్టింది. మా ఊరి మంత్రసాని అవ్వ బిడ్డను పట్టుకొని బయటికి వినబడేలా, "బతికింది, గట్టిగున్నది!" అని అరిచింది. పోయినసారి సంగతి ఆమెకు తెలుసు. అది విని నాయిన తోట వైపు పోయాడని, బావి గట్టు మీద కూర్చొని ఏడ్చాడని తరువాత అవ్వే చెప్పింది.

మరుసటి రోజు ఆయన మంచి సంత్రాలు ఏరి పళ్ళెంలో పెట్టుకొని నా మంచం దగ్గరికి వచ్చాడు. అవ్వ అడ్డంగా నిలబడింది.

"ఏందిది? బాలింతకు సల్లటియి పెడ్తవా? పిల్లకు దగ్గొస్తది. తీసుకపో!"

"కానీ అవ్వా, గిన్ని దినాలు గివే తిన్నది..."

"అప్పుడు వేరు, ఇప్పుడు వేరు. ఇగ మిరియాలచారు, ఎల్లిపాయకారం. గంతే."

నాయిన పళ్ళెం పట్టుకొని అలాగే నిలబడ్డాడు. అన్ని రోజులు వాసన చూసి, తిప్పి, గోనె తడిపి కాపాడిన పండ్లు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"నువ్వు తిను నాయినా," అన్నాను.

"నాకెందుకు బిడ్డా?"

"ఎట్లుంటదో ఎరుకనా నీకు?"

ఆయన పళ్ళెంలో ఒక పండును తిప్పి పెట్టాడు. అప్పుడు నాకు అర్థమైంది. కార్తీకం నుంచి ఇప్పటిదాకా, గంపలకు గంపలు తెచ్చి, ఒక్క తొన కూడా ఆయన నోట్లో వేసుకోలేదు. మంచి చెడ్డలన్నీ నా నోటి నుంచి విని నేర్చుకున్నవే.

అవ్వ కూడా మెత్తబడి, "తినరాదు మరి," అంది. ఆయన గడప మీద కూర్చొని ఒకటి వొలిచాడు. నిదానంగా ఒక తొన నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు చిట్లించాడు. ఇంకోటి పెట్టుకున్నాడు.

"పుల్లగున్నది," అన్నాడు. మరో తొన నమిలి, "తియ్యగ గూడ ఉన్నది," అన్నాడు. పండంతా తిన్నాడు. అవ్వకు కొన్ని ఇచ్చాడు, మిగిలినవి వాడలో పిల్లలకు పంచాడు.

బిడ్డకు మూడో నెల వచ్చాక నన్ను మేడ్చల్‌లో దించడానికి బండి కట్టాడు. మా అత్త వాకిట్లో ఎదురొచ్చి మనవరాలిని చేతుల్లోకి తీసుకుంది. మామూలుగా మా నాయిన అరుగు మీద కూర్చొని, చెంబెడు నీళ్ళు తాగి, పోయొస్తానని లేచేవాడు. ఆ రోజు లేవలేదు.

"చెల్లె, ఒక మాట," అన్నాడు. "నా బిడ్డకు కారం ఎక్కువైతే కడుపుల మండుతది. పొద్దుగాల్ల లేవంగనే ఏదన్న జర తినాలె, లేకుంటే కండ్లు తిరుగుతయి. గటక కన్న గంజి మంచిగ పడుతది. రాత్రి సంటిదానికి పాలియ్య లేస్తది గద, పగటీలి కొద్దిగంత పండుకోనియ్యి."

మా అత్త బిడ్డను ఎత్తుకొని అలాగే చూస్తూ నిలబడింది. వియ్యంకుడు నోరు విప్పి అంతసేపు మాట్లాడటం ఆమె ఎన్నడూ చూడలేదు. మగవాడు ఇలాంటి మాటలు మాట్లాడటం అసలే చూడలేదు.

"గివన్ని నీకెట్ల ఎరుకన్నా?" అని అడిగింది.

"అడిగి తెల్సుకున్న," అన్నాడు నాయిన.

మా అత్త నా వైపు తిరిగి, లోపలికి పోయి కూర్చోమంది. పొద్దుటి నుంచి ఏమైనా తిన్నావా అని అడిగింది. ఆ ఇంట్లో నన్ను ఆ మాట అడగడం అదే మొదలు.